ప్రాణాయామం కొత్తగా మొదలుపెడుతున్నారా? ముందు ఊపిరి వదలడం నేర్చుకోండి

ప్రాణాయామం గురించి ఎప్పుడు మాట వచ్చినా అందరూ తిప్పి తిప్పి అడిగేవి అవే నాలుగు ప్రశ్నలు. ఏది ముందు చేయాలి, ఎంతసేపు చేయాలి, చేస్తుంటే తల తిరుగుతోంది ఎందుకు, రోజూ చేస్తున్నా ప్రశాంతత అనేదే కనపడట్లేదు ఏంటి. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తున్నా, తీరిగ్గా చదువుకోండి. కుండలిని, చక్రాలు లాంటి వాటి జోలికి నేను పోవట్లేదు, వాటికోసం వచ్చుంటే ఇది మీకు పనికిరాదు. మనసు కాస్త కుదురుగా ఉండాలి, రాత్రి నిద్ర పట్టాలి, చిన్న విషయానికే గుండె దడదడలాడకూడదు అనుకునేవాళ్ళకి మాత్రమే ఇది.

థియరీ ఒకే ఒక్క ముక్క చెప్తా. ఊపిరి పీల్చినప్పుడు గుండె వేగం కాస్త పెరుగుతుంది, వదిలినప్పుడు కాస్త తగ్గుతుంది. పెద్దవాళ్ళు ఊరికే కూర్చున్నప్పుడు మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు, దాన్ని మెల్లగా 6 దగ్గరికి దించి, పీల్చేదానికన్నా వదిలేది పొడుగు చేస్తే ఒళ్ళు దానంతట అదే నెమ్మదిస్తుంది. అంటే ప్రశాంతత కోసం చేసేటప్పుడు అసలు పనంతా వదలడంలోనే ఉంది. కానీ మనకి చిన్నప్పటి నుంచి "గట్టిగా గాలి పీల్చుకో" అనే చెప్పారు కదా, అందుకని కూర్చోగానే ఛాతీ పొంగించి, భుజాలు ఎత్తి, బస్తాడు గాలి లోపలికి లాగేస్తాం, వదలడం మాత్రం ఫటుక్కున వదిలేస్తాం. ఇలా పది నిమిషాలు చేస్తే తల తిరగక ఏమవుతుంది.

ముందు ఎవరు ఆగాలో చూసుకోండి

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, మూర్ఛ, గ్లకోమా, హెర్నియా ఉన్నవాళ్ళు, ఈమధ్యే పొట్టకో ఛాతీకో ఆపరేషన్ అయినవాళ్ళు, గర్భిణులు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి. అడిగేటప్పుడు "ప్రాణాయామం చేయొచ్చా" అని మొత్తంగా అడిగితే సరైన జవాబు రాదు, "ఊపిరి బిగపట్టను, వేగంగా కొట్టను, మెల్లగా పీల్చి మెల్లగా వదులుతా" అని వివరంగా చెప్పి అడగండి. వీళ్ళెవరూ ఊపిరి బిగపట్టడం, అలాగే వేగంగా ఊపిరి కొట్టే కపాలభాతి, భస్త్రిక సొంతంగా చేయకూడదు. ఆస్తమా ఉంటే ఇన్హేలర్ పక్కనే పెట్టుకోండి. ఇంకో మాట, ఇది చేస్తున్నాం కదా అని బీపీ మాత్రలో, ఇంకే మందులో మీ అంతట మీరు ఆపేయొద్దు. తగ్గించాలో లేదో డాక్టర్ చెప్తారు.

కావాల్సినవి

పెద్దగా ఏమీ లేవు. కూర్చోవడానికి ఒక మందపాటి దుప్పటి మడత, లేదా వెనక్కి వాలని కుర్చీ. ఖాళీ కడుపు, అంటే పూర్తి భోజనం అయ్యాక 3, 4 గంటలు, చిరుతిండి అయితే ఓ రెండు గంటలు ఆగాలి. సెకన్లు కనిపించే గడియారం ఒకటి, అదీ కొలుచుకునేటప్పుడే, చేసేటప్పుడు దాన్ని చూస్తూ కూర్చోకండి. పక్కన రుమాలు. బట్టలు నడుం దగ్గర బిగుతుగా ఉండకూడదు, బెల్ట్ ఉంటే వదులు చేసేయండి. గది గాలి ఆడేలా ఉండాలి, కానీ ఫ్యాన్ గాలి నేరుగా మొహానికి కొట్టకుండా చూసుకోండి, ముక్కు ఎండిపోతుంది.

ఇక స్టెప్పులు

1. ముందు ఒకసారి కొలుచుకోండి. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి, రాసిపెట్టుకోండి. ఊపిరి కూడా నిమిషానికి ఎన్నిసార్లో లెక్కపెట్టొచ్చు కానీ ఒక చిక్కుంది, మనం గమనించడం మొదలుపెట్టగానే ఊపిరి మారిపోతుంది. అందుకని ఇంట్లో ఇంకెవరినైనా మీకు తెలియకుండా లెక్కపెట్టమనండి, మీరు ఏదో చదువుకుంటూనో ఆలోచిస్తూనో ఉన్నప్పుడు. ఈ రెండు అంకెలు తర్వాత పనికొస్తాయి.

2. కూర్చోండి. బాసింపట్టు వేసి కూర్చోగలిగితే సరే, కింద దుప్పటి మడత పెట్టుకుని పిర్రలు మోకాళ్ళకంటే కాస్త ఎత్తులో ఉండేలా చూసుకోండి, అలా ఉంటే వెన్ను దానంతట అదే నిలబడుతుంది. మోకాళ్ళ నొప్పులుంటే కుర్చీలో కూర్చోండి, పాదాలు రెండూ నేలకి ఆనాలి. పద్మాసనం వేస్తేనే ప్రాణాయామం అనుకుని కాళ్ళు తిమ్మిరెక్కించుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ ధ్యాసంతా కాళ్ళ మీదే ఉంటుంది, ఊపిరి మీద కాదు. పళ్ళు బిగించకండి, నాలుక వదులుగా ఉంచండి.

3. పొట్టతో ఊపిరి తీయడం. మొదటి వారం ఇది వెల్లకిలా పడుకునే నేర్చుకోండి, తేలిక. మోకాళ్ళు మడిచి, ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి బొడ్డు పైన పెట్టుకోండి. ముక్కుతో మెల్లగా పీలిస్తే కింద చెయ్యి లేవాలి, పై చెయ్యి దాదాపు కదలకూడదు. వదిలితే కింద చెయ్యి దిగాలి. కొందరికి ఇది పూర్తిగా ఉల్టాగా వస్తుంది, పీల్చినప్పుడు పొట్ట లోపలికి పోతుంది. కంగారు పడకండి, ముందు గాలంతా మెల్లగా వదిలేసి పొట్ట లోపలికి పోనివ్వండి, తర్వాత ఏమీ చేయకుండా ఊరుకోండి, ఊపిరి దానంతట అదే లోపలికొస్తుంది, అప్పుడు పొట్ట పైకి లేస్తుంది. దాన్ని గమనించి పట్టుకోండి చాలు. ఇంకా కుదరకపోతే బొడ్డు మీద ఓ పుస్తకం పెట్టుకోండి, అది లేస్తోందో లేదో కంటికే కనిపిస్తుంది. పొట్టని కండబలంతో ముందుకి తోయడం మాత్రం వద్దు, అది ఊపిరి తీయడం కాదు, పొట్ట ఆడించడం.

4. వదిలేది పొడుగు చేయడం. ఇదే అసలైన స్టెప్పు, మిగతావన్నీ మానేసినా ఇది ఒక్కటి రోజూ చేస్తే చాలని నా అభిప్రాయం. మనసులో లెక్కపెట్టుకుంటూ 3 అంకెల దాకా పీల్చండి, 4 దాకా వదలండి. మూడు నాలుగు రోజులు హాయిగా జరిగితే 4 పీల్చి 6 వదలండి. ఒక్కో అంకె సుమారు ఒక సెకను అనుకుంటే 4 ప్లస్ 6 పది సెకన్లు, అంటే నిమిషానికి సరిగ్గా 6 ఊపిర్లు. చాలామంది ఇక్కడే ఆగిపోవచ్చు. తర్వాతెప్పుడైనా 4, 8 కి వెళ్ళొచ్చు, వెళ్ళకపోయినా నష్టమేం లేదు. మొదట్లో 5 నిమిషాలు, తర్వాత 10.

సరిగ్గా చేస్తున్నారో లేదో ఎలా తెలుస్తుందంటే, వదలడం అయిపోయాక వచ్చే తర్వాతి పీల్పుని చూడండి. అది మెత్తగా, తొందర లేకుండా వస్తే మీ లెక్క సరైనదే. ఒక్కసారిగా హప్ మని గాలికోసం ఎగబడినట్టు వస్తే మీరు వదలడాన్ని మరీ సాగదీశారన్నమాట, వెంటనే ఒకటి రెండు అంకెలు తగ్గించండి. ఈ చెక్ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే ప్రాణాయామంలో సగం ఇబ్బందులు రావు. పక్కవాళ్ళు 10 వదులుతున్నారు నేను 6 దగ్గరే ఉన్నా అనే లెక్కలు వేసుకోకండి, ఒక్కొక్కరి ఊపిరి ఒక్కోలా ఉంటుంది.

5. నాడీ శోధన, అదే అనులోమ విలోమం అని చాలామంది అంటారు. పై రెండు స్టెప్పులు ఓ వారం పది రోజులు చేశాకే దీనికి రండి. కుడి చేతి చూపుడు వేలు, మధ్య వేలు అరచేతిలోకి మడవండి. కుడి ముక్కు మూయడానికి బొటనవేలు, ఎడమ ముక్కు మూయడానికి ఉంగరం వేలు. కుడి ముక్కు మూసి ఎడమతో పీల్చండి. ఎడమ మూసి కుడితో వదలండి. మళ్ళీ ఆ కుడితోనే పీల్చండి. కుడి మూసి ఎడమతో వదలండి. ఇది ఒక రౌండు. మధ్యలో ఎటు పీల్చాలో మర్చిపోవడం అందరికీ జరిగేదే, దానికి ఒక్కటే రూల్: ఎటువైపు వదిలారో అటువైపే పీల్చండి, పీల్చాక వైపు మార్చండి. 5 రౌండ్లతో మొదలుపెట్టి పదికి వెళ్ళండి. లెక్క అదే, 4 పీల్చడం, 6 వదలడం. మధ్యలో బిగపట్టడం లేదు.

వేలితో ముక్కుని నలిపేయకండి, పైన ఎముక అయిపోయి మెత్తగా మొదలయ్యే చోట ఆనిస్తే సరిపోతుంది. తల ఒకవైపు వాలిపోతుంది, చెయ్యి నొప్పెట్టి భుజం పైకి లేస్తుంది, ఇవి దాదాపు అందరూ చేసేవే. ఎడమ చేత్తో కుడి మోచేతికి కింద ఆసరా ఇవ్వండి. ఎడమ చేతివాటం ఉంటే చేతులు మార్చుకోండి, ఏం కాదు. ఒకవైపు ముక్కు బాగా ఆడుతోంది, ఇంకోవైపు సగమే ఆడుతోంది అని భయపడతారు కొందరు, అది మామూలే, కొన్ని గంటలకోసారి అటూ ఇటూ మారుతూ ఉంటుంది. జలుబు చేసి ఒకవైపు పూర్తిగా మూసుకుపోతే మాత్రం ఆ రోజు ఇది వదిలేయండి, బలవంతంగా చీదుతూ చేయడం వల్ల లాభం లేదు, నాలుగో స్టెప్పు చేసుకోండి.

6. భ్రామరి. ఆలోచనలు ఆగని వాళ్ళకి నేను ముందు చెప్పేది ఇదే, ఎందుకంటే శబ్దం ఉంటుంది కాబట్టి మనసుకి పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. పెదాలు మూయండి, పళ్ళు లోపల కాస్త ఎడంగా ఉంచండి. చెవి రంధ్రానికి ముందు చిన్న మెత్తటి రెప్పలాంటిది ఉంటుంది కదా, దాన్ని వేలితో మెల్లగా నొక్కి చెవి మూయండి, వేలు చెవి లోపల దూర్చొద్దు. ముక్కుతో పీల్చి, వదిలేటప్పుడు తుమ్మెద ఝంకారంలా మ్‌మ్‌మ్ అని సన్నగా, మంద్రంగా. గట్టిగా అరవక్కర్లేదు. పెదాల్లోనో, ముక్కు దగ్గరో, తలలోనో చిన్న వణుకు తెలిస్తే సరిగ్గా చేస్తున్నట్టే, గొంతు గీరుకుపోతుంటే శృతి తగ్గించండి. ఊపిరి పూర్తిగా అయిపోయేదాకా శబ్దాన్ని లాగకండి, కొంచెం మిగిలుండగానే ఆపేయండి. 5 నుంచి 7 సార్లు చాలు. చెవి నొప్పి గానీ, చెవిలో చీము కారడం గానీ ఉంటే చెవులు మూయకుండా చేయండి. చుట్టూ మనుషులుండి మొహమాటంగా ఉంటే పక్కవాళ్ళకి వినపడనంత చిన్నగా చేసినా పనిచేస్తుంది.

7. చేయడం అయిపోగానే లేచి పరిగెత్తకండి. రెండు మూడు నిమిషాలు లెక్కలన్నీ వదిలేసి ఊపిరిని దాని ఇష్టానికి వదిలేయండి. చాలామంది ఎగ్గొట్టేది ఇదే, ఫలితం తెలిసేదీ ఇక్కడే.

మరి కపాలభాతి సంగతేంటి

ఈ ప్రశ్న ఎలాగూ వస్తుంది. కపాలభాతి చెడ్డదని నేననను. కానీ హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథం దాన్ని ప్రాణాయామాల్లో కాదు, ధౌతి, నేతి లాంటి ఆరు శుద్ధి క్రియల లిస్టులో పెట్టింది. అది ఒంటికి హుషారు తెచ్చేది. మనసు నెమ్మదించాలి అనుకుంటూ రాత్రి పడుకునే ముందు కపాలభాతి కొట్టి నిద్ర పట్టట్లేదంటే ఎలా? పైగా వేగంగా ఊదేస్తుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, దానివల్లే తల తేలిపోయినట్టు ఉండటం, వేళ్ళు, పెదాలు చురచురలాడటం. చాలామంది దాన్ని శక్తి పైకి లేస్తోంది అనుకుని ఇంకాస్త వేగం పెంచుతారు. అలా అనిపిస్తే ఆపేయండి. నేర్చుకోవాలంటే తెలిసినవాళ్ళ ఎదురుగా కూర్చుని, పొద్దున పూట నేర్చుకోండి.

ఊపిరి బిగపట్టడం, అదే కుంభకం, దీనికీ అదే మాట. 1, 4, 2 అని ఒక లెక్క వినే ఉంటారు, ఒక వంతు పీల్చి నాలుగు వంతులు బిగపట్టి రెండు వంతులు వదలడం. అది ఏళ్ళ తరబడి చేసినవాళ్ళకి. ఇందాక చెప్పిన హఠయోగ ప్రదీపికలోనే ఒక శ్లోకముంది, సింహాన్నో ఏనుగునో పులినో మెల్లమెల్లగా మచ్చిక చేసుకున్నట్టే వాయువునీ వశం చేసుకోవాలి, లేదంటే అది సాధకుడినే చంపుతుందని. తప్పుగా చేస్తే ఎక్కిళ్ళు, దగ్గు, ఆయాసం, తలనొప్పి, చెవినొప్పి, కళ్ళనొప్పి వస్తాయని కూడా రాశారు. కుంభకాన్ని ఎంతో పొగిడిన ఆ పుస్తకమే ఇంత గట్టిగా హెచ్చరిస్తుంటే మనం వారం రోజుల్లో బిగపట్టేద్దామని తొందరపడటం దేనికి.

ఎక్కడ తేడా కొడుతుంది

తల తిరిగితే దాదాపు ప్రతిసారీ కారణం ఒకటే, గాలి మరీ ఎక్కువ లాగుతున్నారు. మెల్లగా అంటే లోతుగా అని అర్థం చేసుకుంటారు, అదే చిక్కు. ఊపిరి నెమ్మదిగా ఉండాలి, దాంతోపాటు సన్నగానూ ఉండాలి. ముక్కు కింద వేలు అడ్డం పెట్టి చూడండి, వదిలే గాలి వేలికి తగిలీ తగలనట్టు ఉండాలి, బుస్సుమని కొట్టకూడదు. పక్కన కూర్చున్నవాళ్ళకి మీ ఊపిరి చప్పుడు వినపడుతోందంటే బలం ఎక్కువైంది. తల తిరిగితే లెక్క ఆపేసి మామూలుగా ఊపిరి తీస్తూ కూర్చోండి, తగ్గాక ఆ రోజుకి వదిలేయండి. ఛాతీలో నొప్పి, కళ్ళు బైర్లు కమ్మడం, ఊపిరాడకపోవడం లాంటివి వస్తే అది ప్రాణాయామం సంగతి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఇంకో రకం వాళ్ళున్నారు, వీళ్ళ గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. కళ్ళు మూసుకుని ఊపిరిని గమనించగానే గాభరా తగ్గకపోగా పెరుగుతుంది, ఊపిరి ఆగిపోతుందేమో అనిపిస్తుంది. ఇంతకుముందు పానిక్ ఎటాక్స్ వచ్చినవాళ్ళకి ఇది ఎక్కువ. మీకు ఇలా అయితే మీలో లోపం ఏమీ లేదు, పద్ధతి మార్చండి చాలు. కళ్ళు తెరిచి ఎదురుగా ఏదో ఒకదాన్ని చూస్తూ చేయండి, లెక్కలు మానేసి భ్రామరి మూడు సార్లు చేయండి, లేదా నడుస్తూ మూడు అడుగులకి పీల్చి నాలుగు అడుగులకి వదలండి. రెండు నిమిషాలతో ఆపేయండి. అదీ పడకపోతే ఊపిరి జోలికే పోకుండా ఒళ్ళు సాగదీసే ఆసనాలు చేసుకోండి.

ఆవలింతలు రావడం, నిద్ర ముంచుకురావడం, పొట్టలో గుడగుడ, ఇవేవీ తప్పు చేస్తున్నట్టు కాదు. పొద్దున చేస్తూ రోజూ నిద్రపోతుంటే మీకు నిద్ర చాలట్లేదని అర్థం, ప్రాణాయామం పెంచితే అది తీరదు.

పనిచేస్తోందో లేదో ఎలా చూడాలి

చేసిన వెంటనే చూడాల్సినవి: దవడ వదులైందా, భుజాలు దిగాయా, వెంటనే ఒక పొడుగు వాక్యం మాట్లాడితే ఆయాసం లేకుండా వస్తోందా. చాలామందికి అరచేతులు వెచ్చబడతాయి. నాడి కొద్దిగా తగ్గొచ్చు, తగ్గకపోయినా పర్లేదు, ఒక్కరోజు అంకెని పట్టుకుని వేలాడకండి. చేశాక చిరాగ్గా, అలసటగా ఉంటే మాత్రం ఎక్కడో బలవంతం చేస్తున్నారు, నాలుగో స్టెప్పుకి వెనక్కి వెళ్ళండి.

అసలు ఫలితం కూర్చున్న పది నిమిషాల్లో కంటే బయటే తెలుస్తుంది. నెల రోజుల తర్వాత మళ్ళీ మీకు తెలియకుండా ఊపిరి లెక్కపెట్టమనండి, మొదటి అంకెతో పోల్చండి. కోపం వచ్చిన ఎంతసేపటికి మామూలు అవుతున్నారో ఇంట్లోవాళ్ళని అడగండి, వాళ్ళు నిజం చెప్తారు.

మిగిలిన చిన్న చిన్న ప్రశ్నలు

ఏ టైములో అంటే, కడుపు ఖాళీగా ఉన్న ఏ టైమైనా. నిద్ర కోసమైతే పక్కమీద పడుకునే నాలుగో స్టెప్పు చేయండి, లెక్క మధ్యలో నిద్రపోతే అంతకన్నా ఏం కావాలి. రోజుకి ఒకేసారి అరగంట కూర్చుని తర్వాత నాలుగు రోజులు మానేసేకంటే రోజూ పది నిమిషాలు మేలు.

పీరియడ్స్‌లో చేయొచ్చా అంటే ఇక్కడ రాసినవి హాయిగా అనిపిస్తే చేసుకోవచ్చు, కపాలభాతి, భస్త్రిక మాత్రం ఆ రోజుల్లో వద్దనే ఎక్కువమంది నేర్పేవాళ్ళు చెప్తారు. పిల్లలకి లెక్కలు, ముక్కు మూయడాలు పెట్టకండి, భ్రామరి వాళ్ళకి ఆటలా ఉంటుంది, అది చాలు.

మీటింగ్‌కి ముందో, పరీక్షకి ముందో గుండె దడగా ఉంటే కూర్చుని నాడీ శోధన చేసే టైము ఉండదు కదా. అప్పుడు కళ్ళు తెరిచే ఉంచి, ముక్కుతో మామూలుగా పీల్చి, సన్నటి గొట్టంలోంచి ఊదినట్టు పెదాలు కొద్దిగా తెరిచి నోటితో మెల్లగా వదలండి, ఆరు సార్లు. ఇది అక్కడికక్కడ పనిచేయాలంటే ముందు ఇంట్లో తీరిగ్గా ఉన్నప్పుడు కొన్ని రోజులు అలవాటు చేసుకుని ఉండాలి, దడ మొదలయ్యాక మొదటిసారి ప్రయత్నిస్తే లెక్క కూడా గుర్తుండదు.